బ్లడ్ క్యాన్సర్ మాత్రలు వాడుతుండగా నెలసరి ఎక్కువైతే

సీఎంఎల్ అనే ఒక రకం బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు ఇమాటినిబ్, డాసాటినిబ్, నిలోటినిబ్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి వేసుకోవాలి. ఆ మధ్యలో నెలసరికి రక్తం ధారగా పోతే ముందు వచ్చే ఆలోచన మాత్ర మానేద్దామని. దయచేసి ఆ పని మాత్రం సొంతంగా చేయకండి. డోసులు తప్పుతూ ఉంటే జబ్బు మందుకు లొంగకుండా పోవచ్చు. దీర్ఘకాలిక దశలో ఇమాటినిబ్ వాడేవాళ్లకు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలు) 50,000 కన్నా తగ్గితే సాధారణంగా డాక్టరే కొన్నాళ్లు ఆపి, 75,000కు చేరాక మళ్లీ మొదలుపెడతారు. అది సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) చూసి తీసుకునే నిర్ణయం.

డాసాటినిబ్‌తో ఇంకో చిక్కుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య బాగానే ఉన్నా అవి పని సరిగా చేయకపోవచ్చు. అందుకే కౌంట్ బాగుంది కదా అని ఊరుకోకూడదు. అలాగని నెపమంతా మందు మీదే వేయకూడదు. ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో వచ్చే కణుతులు), థైరాయిడ్, కాపర్-టీ వల్ల కూడా ఇలాగే అవుతుంది. సీబీపీతో పాటు ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పొత్తికడుపు స్కాన్, గర్భ పరీక్ష చేయించాలి. ఇమాటినిబ్ వల్ల కూడా హిమోగ్లోబిన్ తగ్గుతుంది కాబట్టి, ఒంట్లో ఐరన్ ఎంత మిగిలిందో తెలిసేది ఫెరిటిన్‌తోనే.

డాక్టరు దగ్గర "చాలా పోతోంది" అంటే సరిపోదు, లెక్క చూపించండి. కొద్దిగా తడిసిన ప్యాడ్‌కు 1, సగం తడిస్తే 5, పూర్తిగా నిండితే 20. చిన్న గడ్డకు 1, పెద్దదానికి 5. ఆ నెల మొత్తం 100 దాటితే అధిక రక్తస్రావమే. రోజుకు మూడు ప్యాడ్లు నిండుతూ రెండు రోజులు గడిస్తే అప్పటికే 120. ప్యాడ్ బదులు మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవాళ్లయితే మిల్లీలీటర్లు రాసుకోండి, మొత్తం 80 దాటితే ఎక్కువే.

గైనకాలజిస్టు ఎక్కువగా ముందు రాసేది రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్. మామూలు డోసు 500 ఎంజీ మాత్రలు రెండేసి, రోజుకు మూడుసార్లు, రక్తం ఎక్కువగా పోయే రోజుల్లోనే, నాలుగు రోజుల వరకు. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా, కిడ్నీ సమస్య ఉన్నా, పొనాటినిబ్ (ఇదీ సీఎంఎల్ మాత్రే) వాడుతున్నా ఆ మాట ముందే చెప్పాలి. పొనాటినిబ్‌తో రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రల విషయంలోనూ ఇదే జాగ్రత్త. రక్తస్రావం ఆపడానికి ఇచ్చే హార్మోన్ మాత్ర నోరెథిస్టెరాన్ 5 ఎంజీ వాడి ఆపితే రెండు మూడు రోజుల్లో మళ్లీ రక్తం కనిపిస్తుంది. అది మామూలే, కంగారు పడకండి. ఎక్కువ కాలానికి లెవోనార్జెస్ట్రెల్ ఐయూడీ (గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం) బాగా పనిచేస్తుంది, గర్భం రాకుండానూ కాపాడుతుంది. సీఎంఎల్ మాత్రలు వాడేటప్పుడు గర్భం రాకూడదు కనుక అది రెట్టింపు మేలు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపించవచ్చు.

కడుపు నొప్పి అనగానే మెడికల్ షాపులో మెఫెనమిక్ ఆసిడ్ చేతిలో పెడతారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్‌లాగే అదీ ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటుంది. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు తుంటికి ఇంజెక్షన్ వేయించుకుంటే కండలో రక్తం గడ్డకట్టి వాస్తుంది. కాపడం పెట్టుకోండి. పారాసెటమాల్ ఎంత వేసుకోవచ్చో, లివర్ రిపోర్టు చూపించి అడగండి.

ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. ఇరానీ చాయ్‌కి గంట ఎడం ఉండాలి. రోజు విడిచి రోజు వేసుకున్నా చాలామందికి సరిపోతుంది. దానితో విరేచనం నల్లగా అవుతుంది. కానీ తారులా జిగటగా, ఘాటు వాసనతో వస్తే అది పేగుల్లో రక్తస్రావం కావచ్చు, వెంటనే చూపించాలి. గ్రేప్‌ఫ్రూట్ మానేయండి, అది సీఎంఎల్ మందు మోతాదును ఒంట్లో మార్చేస్తుంది.

గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు నిండినా, పది రూపాయల బిళ్ళ కంటే పెద్ద గడ్డలు వరసగా పడినా, కళ్లు తిరిగినా, ముక్కు చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, పిక్కల మీద ఎర్రటి సన్న చుక్కలు లేచినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. తలనొప్పితో వాంతులైతే మరీ తొందర. హైదరాబాద్‌లో నిమ్స్‌లోనో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో చూపించుకుంటున్నా, రాత్రిపూట చేరేది ఇంటి దగ్గరి ఆసుపత్రికే కావచ్చు. అక్కడి డ్యూటీ డాక్టరుకు మీ జబ్బు తెలియదు. "సీఎంఎల్, ఇమాటినిబ్ 400, చివరి ప్లేట్‌లెట్లు ఇన్ని, తేదీ ఇది" అని ఒక చీటీ మీద రాసి, మాత్రల స్ట్రిప్‌తో కలిపి పర్సులో ఉంచండి. ప్రతి సీబీపీ తర్వాత ఆ అంకె మార్చండి.