ఫీల్డుకి బయల్దేరే ముందు: నెట్‌వర్క్ అప్రెంటిస్‌లకు జాగ్రత్తలు

ఐటీఐ ముగించి శ్రీకాకుళం, విజయనగరం వైపు నెట్‌వర్క్ పనిలో అప్రెంటిస్‌గా చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బండెక్కే ముందు ఇవి ఒకసారి చూసుకోండి.

• 1961 అప్రెంటిస్ చట్టం కింద మీ ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైందా? నోటిమాట మీద పనిలోకి దిగొద్దు.

• ఫైబర్ (కాంతితో సిగ్నల్ మోసే గాజుపోగు కేబుల్) పని ఉంటే కళ్లద్దాలు, మూత ఉన్న డబ్బా, నల్లటి చాప సర్దుకోండి. పైపొర ఒలిచాక మిగిలే గాజుపోగు మందం 125 మైక్రాన్లే, అంటే దాదాపు తలవెంట్రుకంత. తెగిన ముక్క నేలమీద పడితే కనిపించదు. వేలిలో దిగితే విరిగి లోపలే ఉండిపోతుంది. మొదటి వారంలో నేను చేతులు ప్యాంటుకి తుడిచేసుకున్నాను. రెండు రోజులు వేలు సలుపుతూనే ఉంది. ముక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేయండి. చేతులు కడుక్కోకుండా టిఫిన్ ముట్టొద్దు, కళ్లు నులమొద్దు.

• వెలుతురు కనిపించట్లేదు కదా అని ఫైబర్ కొసలోకి తొంగి చూడొద్దు. 1310, 1490, 1550 నానోమీటర్ల కాంతి కంటికి ఆనదు, కానీ కన్ను పాడుచేయగలదు. ఫైబర్‌లో కాంతిని కొలిచే పవర్ మీటరు పెట్టి చూడండి.

• అల్యూమినియం నిచ్చెన వద్దు. మన స్తంభాల మీద కేబుల్, కరెంటు తీగ పక్కపక్కనే ఉంటాయి. 2018 తిత్లీ తుఫానుకి ఉద్దానంలో స్తంభాలు ఎలా నేలకొరిగాయో ఇక్కడివాళ్లకి గుర్తే. గాలివాన తర్వాత తెగిపడ్డ ఏ తీగనైనా కరెంటు ఉన్నదిగానే చూడండి. సప్లై ఆపామని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా ముట్టుకోవద్దు.

• సీనియర్ తోడు లేకుండా స్తంభం ఎక్కొద్దు. ఎవరు తొందరపెట్టినా సరే, "అన్నా, మీరు వచ్చాకే" అనండి.