హెడ్‌ఫోన్ స్వయంశిక్షణ – 3: ఇయర్ ప్యాడ్ మార్చడం, తేడా పట్టుకోవడం

పోయిన పాఠంలో మూసిన కప్పు (వెనక మూత గట్టిగా ఉండేది), తెరిచిన కప్పు (వెనక గాలి ఆడేది) చూశాం. ఇప్పుడు ప్యాడ్ సంగతి. కొనేటప్పుడు మెత్తగా ఉందా అని నొక్కి చూస్తాం గానీ, చెవి చుట్టూ గాలి ఎంత వదులుతుందో పట్టించుకోం.

మూసిన హెడ్‌ఫోన్‌లో బేస్ నిలబడేది ప్యాడ్ లోపల చిక్కిన గాలి వల్లే. కళ్లజోడు కాడ దగ్గర చిన్న సందు పడ్డా ముందు పోయేది అడుగు బేసే. రెగ్జిన్ గాలిని గట్టిగా ఆపుతుంది, కానీ చెవులు ఉక్కపోతతో తడిసిపోతాయి. వెలూర్‌లో, అంటే మఖమల్ లాంటి మెత్తటి బట్టలో గాలాడుతుంది, కాస్త గాలి జారుతుంది కనుక బేస్ తగ్గొచ్చు, బయటి చప్పుడూ వినిపిస్తుంది. చిల్లుల రెగ్జిన్ ఈ రెంటికీ మధ్యరకం. ఇక మందం. ప్యాడ్ ఎత్తు పెరిగితే డ్రైవర్ (కప్పులో ధ్వని పుట్టించే భాగం) చెవికి దూరం జరిగి ట్రెబుల్ (సన్నటి, పదునైన ధ్వనులు) తీరు మారుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 650లో ఏళ్ల వాడకానికి ప్యాడ్ అణిగితే డ్రైవర్ చెవి దగ్గరికొచ్చేస్తుంది. డ్రైవర్ పాడైందని చాలామంది పొరబడేది ఇక్కడే.

అభ్యాసానికి బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో తీసుకుందాం. దాంతో సాధారణంగా వచ్చేది బూడిదరంగు వెలూర్ ప్యాడ్. రెగ్జిన్‌కి మారితే ధ్వని కూడా మారుతుందని ముందే అనుకోండి.

ప్యాడ్ వెనక అంచును బొటనవేళ్లతో గాడిలోంచి బయటికి లాగండి. స్క్రూడ్రైవర్ వద్దు, జారితే డ్రైవర్ పొర చిరుగుతుంది. డ్రైవర్ మీది పల్చటి ఫోమ్ బిళ్ల పాత ప్యాడ్‌తో ఊడొస్తే తిరిగి దాని చోట పెట్టండి. అది లేకుండా వింటే ‘స’, ‘ష’లు చెవిని గీరతాయి.

కొత్త ప్యాడ్ అంచును కింద గాడిలో దూర్చి, ఒక బొటనవేలితో అదిమిపట్టి, రెండు పక్కలా కొంచెం కొంచెంగా సాగదీస్తూ పైకి రండి. చివరి రెండంగుళాలే మొరాయిస్తాయి. అక్కడ పాత ప్లాస్టిక్ కార్డు మూలతో అంచును లోపలికి తోయండి. ఎక్కడైనా మడత పడిందా, గాలి కారేది అక్కడే.

పరీక్షకు 40 హెర్ట్జ్ టోన్ (అడుగు బేస్ ఒక్కటే మోగే శబ్దం) తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా అదమండి. మోత బాగా పెరిగితే లీకు ఉన్నట్టు. ఒక్క కప్పుకే పెరిగితే ఆ వైపు అంచు మళ్లీ సర్దండి.

పాత, కొత్త ప్యాడ్లను పోల్చడం మాత్రం కష్టం. మార్చేలోపు పాత ధ్వని చెవిలో నిలవదు. అందుకే ముందు రెండూ పాతవే ఉండగా మోనోలో (రెండు చెవులకూ ఒకే ధ్వని వచ్చేలా) ఓ పాట విని, ఎడమ కుడి సమానంగా ఉన్నాయో గమనించండి. తర్వాత ఒక వైపే మార్చి అదే పాట వినండి. ఎడమ కప్పు కుడి చెవికి వచ్చేలా హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకుని మళ్లీ వినండి. తేడా కప్పుతో పాటు అటు మారితే ప్యాడ్‌దే. అదే చెవి దగ్గర ఉండిపోతే మీ చెవిది, లేదా అక్కడ ప్యాడ్ ఆనే తీరుది.

కాకినాడ, విశాఖ లాంటి తేమ ఊళ్లలో రెగ్జిన్ పూత త్వరగా నల్లటి పొలుసులుగా రాలుతుంది. విన్నాక చెమట పొడిగుడ్డతో తుడిచి, గాలాడేచోట పెట్టండి. మూతబిగించిన సంచిలో తడిగా కుక్కొద్దు.

అభ్యాసం: 40 హెర్ట్జ్ పరీక్ష కళ్లజోడుతో ఒకసారి, లేకుండా ఒకసారి చేసి, తేడా ఏ వైపు ఎక్కువో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో హెడ్‌బ్యాండ్ బిగువు సర్దేటప్పుడు అది కావాలి.