ఏ మట్టి నీటిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది? తరగతి గదిలో ప్రయోగం చేయించే పద్ధతి

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో నల్లరేగడి, ఎర్ర చెల్క, ఇసుక పాలు ఎక్కువగా ఉండే దుబ్బ నేలలు దగ్గరదగ్గరగానే ఉంటాయి కాబట్టి, నాలుగు, ఐదు తరగతులకు పనికివచ్చే ఈ ప్రయోగానికి మట్టిని వెతుక్కోవలసిన పని లేదు. ముందుగా చెబితే పిల్లలే తమ చేన్ల నుంచి తెస్తారు. దానిని ఎండబెట్టి, వేళ్లు, రాళ్లు ఏరించి, పెడ్డలను మెత్తగా నలిపించండి. రేగడిలో పెడ్డలు మిగిలితే నీరు వాటి సందుల్లోంచి జారిపోయి ఫలితం తారుమారవుతుంది.

లీటరు ప్లాస్టిక్ సీసాలు మూడింటిని మధ్యకు కోయండి. ఈ పని ఉపాధ్యాయులే చేయాలి. మూత తీసేసి, మూతికి పలుచని నూలు గుడ్డ కట్టి, పై సగాన్ని తలకిందులుగా కింది సగంలో నిలపండి. ఒక్కోదానిలో ఒక్కో రకం మట్టిని ఒకే గ్లాసుతో సమానంగా పోయించండి.

నీరు పోయడానికి తొందరపడవద్దు. మొదటి చుక్క ఏ సీసాలో పడుతుందో, ఎందుకు పడుతుందో పిల్లలందరూ ముందే నోటుపుస్తకంలో రాయాలి. నా దృష్టిలో ఈ ప్రయోగంలో అన్నింటికన్నా విలువైన సమయం ఇదే. "వాన పడితే మా రేగడి చేన్ల కాలు వెట్టరాదు సార్" అని ఎవరైనా అంటే, ఆ మాటను ఉన్నదున్నట్టు బోర్డు మీద కారణంగా రాయండి. తప్పొప్పులు అప్పుడే చెప్పవద్దు.

తర్వాత ఒక్కోదానిలో 200 మిల్లీలీటర్ల నీటిని నెమ్మదిగా పోయించి, మొదటి చుక్క పడిన సమయాన్ని గడియారం చూసి రాయించండి. పావుగంట తర్వాత కిందికి దిగిన నీటిని కొలిచి, 200 నుంచి తీసివేస్తే మట్టిలో నిలిచిన నీరెంతో తెలుస్తుంది. కొలజాడీ లేకపోతే, గీతలున్న దగ్గు మందు మూత చాలు.

సాధారణంగా దుబ్బలోంచి నీరు ముందుగా, ఎక్కువగా దిగుతుంది. రేగడి చివర ఉంటుంది. రేగడిలో ఎక్కువగా ఉండే బంకమట్టి రేణువులు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నవని, వాటి మధ్య సన్నని సందుల్లో నీరు చిక్కుకుంటుందని ఇప్పుడు వివరించండి. వానలు కొన్నాళ్లు ముఖం చాటేసినా రేగడిలో పత్తి ఎందుకు తట్టుకుంటుందో వాళ్లనే అడగండి.

2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో, చెరువుల పూడిక మట్టిని రైతులు చేన్లకు తోలుకున్నారు. ఆ మట్టి కలిస్తే చెల్క నీటిని ఎక్కువగా పట్టి ఉంచుతుందో లేదో చూడటానికి, సమయం మిగిలితే, సగం చెల్క, సగం పూడిక మట్టి కలిపి నాలుగో సీసా పెట్టించండి. అయితే దీనికీ ఊహలు ముందే రాయించాలి.