ముందు కాళ్ళు వచ్చేలోపే నీళ్ళు తగ్గించండి

మొన్న మా వీధిలో ఒక ఇంట్లో ఇరవైకి పైగా తోకకప్పలు ఒక్క రాత్రిలో చచ్చి తేలాయి. మృగశిర వానలకు సంపు లోపలి గోడకు చెట్టు కప్ప పెట్టిన నురుగు గూటిలోంచి రాలినవి అవి. పిల్లలు బకెట్టులో వేసి నెలన్నర సాకారు. వెళ్ళి చూస్తే నీళ్ళు తేటగానే ఉన్నాయి, వాసన లేదు. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. నాలుగు కాళ్ళూ వచ్చాయి, వేళ్ళ కొసలకు ఆవగింజలో సగమంత బిళ్ళలు, తోక ఇంకా ఉంది. జబ్బు కాదు, మునిగి చచ్చాయి.

కప్ప మునగడమేమిటని ఆ ఇంటి పెద్దాయన నవ్వారు. మునుగుతుంది. వెనక కాళ్ళు రోజుల తరబడి మన కళ్ళ ముందే పెరుగుతాయి. ముందు కాళ్ళు మాత్రం చర్మం కింద దాగి పెరిగి, ఉన్నట్టుండి బయటికి వస్తాయి. అప్పటికి మొప్పల పని అయిపోవస్తుంది, ఇక ఊపిరితిత్తులతో గాలి పీల్చాలి. ఎక్కి కూర్చునే చోటు లేకపోతే ఈది ఈది సొమ్మసిల్లుతుంది. నున్నటి ప్లాస్టిక్ గోడను అన్ని పిల్లలూ ఎక్కలేవు. అందుకే వెనక కాళ్ళకు మోకాలి మడత కనిపించిన రోజే నీళ్ళు రెండంగుళాలకు తగ్గించి, ఇటుక ముక్కను ఏటవాలుగా పెట్టండి. ముందు కాళ్ళు వచ్చాక చూద్దామనుకోవద్దు.

నీళ్ళు: మునిసిపల్ కుళాయి నీళ్ళు నేరుగా పోయకండి, క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది. వెడల్పు పాత్రలో ఒక రోజు ఆరుబయట ఉంచినవి పోయండి. వాన నీళ్ళయితే ఇంకా మేలు.

మేత: ఉడికించిన సొరకాయ ముక్క, చిటికెడు చేపల మేత. రోజూ పాలకూరే వేయకండి, అందులోని ఆక్సలేట్లు మూత్రపిండాలకు చేటు. మిగిలింది ఆ పూటే తీసేయండి. అలాగని పస్తు పెడితే ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటాయి.

ఇక వరుసగా చెబుతాను.

నురుగు గూడును నీళ్ళలో ముంచకండి.

దోమల మందు కలిపిన నీళ్ళు వద్దు. ఆ గదిలో దోమల చక్రం వెలిగించవద్దు.

గప్పీ చేపలున్న తొట్టిలో వేయకండి, కొరికేస్తాయి.

మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టకండి.

నీళ్ళు తగ్గించారా? ఇటుక పెట్టారా?

తోక పూర్తిగా పోయేదాకా పురుగులు వేయకండి. నోరు మారుతున్న ఆ రోజుల్లో తోకే ఒంట్లోకి కరిగి దానికి తిండి అవుతుంది.

తర్వాత కదిలే పురుగులే వేయాలి, చచ్చినవాటిని కప్పపిల్ల చూడదు. మగ్గిన అరటిపండు మీద వాలే సన్న ఈగలు సరిపోతాయి. కళ్ళ మధ్య ఎడం కంటే పెద్ద పురుగు వద్దు. చీమలు అసలే వద్దు, తిరిగి కుడతాయి.

మూతగా దోమతెర గుడ్డ బిగించండి. తోక పోయాక ఇవి గాజును కూడా ఎక్కేస్తాయి.

శానిటైజర్ రాసుకున్న చేత్తో ముట్టుకోకండి. ముట్టుకున్నాక సబ్బుతో కడుక్కోండి.

వేరే చెరువులో వదలకండి, చర్మానికి పట్టే బూజు జబ్బు అక్కడి కప్పలకు అంటవచ్చు. గూడు దొరికిన చోటే, వాన వెలిసిన సాయంత్రం ఆకుల మీద వదలండి.

ఈ రాత్రి పడుకునే ముందు బకెట్టులో ఇటుక ఉందో లేదో చూసి రండి.