నూనె రాసినా ఆగని తుప్పు: పాత డబుల్ రైఫిల్

చెన్నైలో నా .470 కాలిబర్ డబుల్ రైఫిల్ (రెండు గొట్టాల తుపాకీ) గొట్టాలకు కాల్చిన ప్రతిసారీ ఎర్ర తుప్పు పట్టేది. సముద్రపు గాలి సగం కారణమే. పాత తూటాల అడుగున ఉండి మందును రాజేసే ప్రైమర్‌లోని పొటాషియం క్లోరేట్, పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. ఈ ఉప్పు తేమను లాగుతుంది. నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే ఎంత ఖరీదైన నూనైనా దండగే.

రైఫిల్ ఖాళీ అని చూసుకుని, గొట్టాలు విడదీసి, ఛాంబర్ (తూటా పెట్టే చోటు) వైపు నుంచి గరాటుతో ఒక్కోదానిలో లీటరు మరిగిన నీళ్లు పోశాను. కాల్చిన రోజే చేయాలి. వేడెక్కిన ఉక్కు త్వరగా ఆరుతుంది. స్టవ్ మీద మాత్రం ఆరబెట్టకండి, గొట్టాలను కలిపే మెత్తని టంకం ఊడొచ్చు! ఎజెక్టర్ల (కాల్చిన ఖాళీ తూటాలను బయటికి నెట్టే భాగాల) కింద నిలిచిన నీళ్లు తుడిచి, పల్చగా నూనె రాయాలి. మర్నాడు గుడ్డకు గోధుమరంగు అంటితే మళ్లీ నీళ్లే. తోలు పెట్టెలో దాచొద్దు.