వానాకాలంలో కొండవీడు కొండ మీద పరిగెత్తేవాళ్ళకి

నాలుగు వానలు పడితే చాలు కొండవీడు కొండ పచ్చగా అయిపోద్ది, ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి, చిలకలూరిపేట నుంచి బళ్ళేసుకుని పరిగెత్తటానికి వచ్చేస్తాం. నాకూ ఇష్టమైన కాలం ఇదే, కానీ ఇక్కడ నేను చూసిన దెబ్బలన్నీ కూడా ఈ నెలల్లో తగిలినవే.

ఇది రెడ్డిరాజుల కోట అండీ, ఎవడూ గబగబా పైకి రాకూడదని కట్టుకున్నది. కృష్ణదేవరాయలంతటివాడు కూడా 1515లో ముట్టడేసి గానీ పట్టుకోలేకపోయాడు. ఒక మెట్టు ఎత్తు ఇంకో మెట్టుకి ఉండదు, మన కాలు ఒక లెక్కకి అలవాటు పడేలోపు లెక్క మారిపోద్ది. అందుకే మెట్లదారిన ఎక్కండి, చెరువుల దగ్గర తిరిగి ఘాట్ రోడ్డున దిగండి, అటుది ఇటు మాత్రం చెయ్యొద్దు. తడిమెట్ల మీద దిగటమే అసలు ప్రమాదం. పోయినేడాది నాకు జరిగింది కూడా అదే, ఆ బండ చూడ్డానికి పొడిగానే ఉంది, అంచు మీద మాత్రం వేలి వెడల్పున నల్లగా పాచి, మడమ సరిగ్గా దాని మీదే పడింది, చీలమండ మెలిపడి ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నా. నల్లగా మెరిసే రాయి కనపడితే నడవండి, టైమింగ్ సంగతి ఘాట్ రోడ్డు మీద చూసుకోవచ్చు. అక్కడ కూడా మలుపుల్లో కార్లు వస్తుంటాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ తీసెయ్యండి.

పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వేదుళ్ళ చెరువు ఉన్నాయిగా, వాటి గట్లు నానిపోయి ఉంటాయి, అంచుకి పోవద్దు, కాళ్ళు కడుక్కుందామని అసలు దిగొద్దు. కోటగోడల పక్కన గడ్డి మోకాలి దాకా పెరుగుద్ది, దాని కింద పడిపోయిన రాళ్ళు, గుంతలు ఏమీ కనపడవు. గోడలెక్కి ఫొటోలు దిగటం కూడా మానండి, నానిన గోడలో రాయి ఎప్పుడు జారుద్దో తెలియదు, పైగా అన్ని వందల ఏళ్ళు నిలబడ్డ గోడ మన కాలు తగిలి కూలితే మళ్ళీ కట్టేవాడెవడు?

పాముల సంగతి. రక్తపింజర రాలిన ఆకుల్లో ఉంటే పక్కనే నిలబడినా కనపడదు. సీతాఫలాలు కనపడ్డాయి కదా అని పొదల్లో చెయ్యి పెట్టొద్దు. ఒకవేళ కరిస్తే కొయ్యటం, నోటితో పీల్చటం, తాడుతో బిగించి కట్టటం ఇవేవీ చెయ్యొద్దు, ఉంగరం, వాచీ తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకొచ్చి 108కి ఫోన్ చెయ్యండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికే పోవాలి, నాటుమందు దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఉరుము వినపడితే పరుగు అయిపోయినట్టే. బురుజుల మీద, ఒంటరి చెట్ల కింద నిలబడకుండా దిగిపోయి కారులో కూర్చోండి, చివరి ఉరుము తర్వాత అరగంట గడిచాకే బయటికి రండి.

వానాకాలమేగా అని నీళ్ళు తగ్గించొద్దు, ఉక్కకి చెమట ఇంకా ఎక్కువ పడుద్ది. లీటరు నీళ్ళలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి వెంట పెట్టుకోండి, ఒక విజిల్, ఒక క్రేప్ బ్యాండేజీ కూడా. ఒక్కళ్ళే రావద్దు. బయల్దేరే ముందు ఎన్నింటికి దిగుతారో ఇంట్లో చెప్పి రండి, దిగగానే ఫోన్ కొట్టండి.