అమెరికా సుప్రీంకోర్టు నామినీ గొడవని వైజాగ్‌లో కూర్చుని ఫాలో అవడం ఎలా

మా ఎంవీపీ కాలనీలో ఏ అపార్ట్‌మెంట్ చూసినా కనీసం రెండు మూడు ఇళ్ళల్లో పిల్లలు అమెరికాలోనే ఉంటారు, అందుకే అక్కడ సుప్రీంకోర్టుకి కొత్త జడ్జిని నామినేట్ చేశారంటే ఇక్కడ వాట్సాప్ గ్రూపుల్లో కూడా క్లిప్పులు మొదలైపోతాయి. మా కింద ఫ్లాట్ అంకుల్ అడిగే ప్రశ్న మాత్రం భలే ఉంటది, "ఏటి బాబూ, ప్రెసిడెంటు వాళ్ళోడే, సెనేట్ వాళ్ళదే, మరి వాళ్ళలో వాళ్ళే తిట్టుకుంటన్నారేటి?" అని. ఆ ప్రశ్నకి జవాబు తెలిస్తే మిగతాదంతా ఈజీ అండి, అందుకే రాస్తున్నా.

ముందు మన కొలీజియం సంగతి కాసేపు పక్కన పెట్టేయండి. మన దగ్గర చీఫ్ జస్టిస్, ఆయన తర్వాత నలుగురు సీనియర్లు కూర్చుని పేరు పంపిస్తారు, పార్లమెంటులో ఎవరూ ఎవర్నీ ప్రశ్నలు అడగరు, 65 ఏళ్ళకి రిటైర్మెంటు. అక్కడ ప్రెసిడెంటు పేరు చెప్తాడు, సెనేట్ (వాళ్ళ పార్లమెంటులో వందమంది ఉండే పై సభ) ఓటేస్తది, ఒకసారి కూర్చుంటే తనంతట తాను దిగాలి లేదా చచ్చిపోవాలి (ఇంపీచ్‌మెంట్ ఉంది గానీ అది అయ్యే పని కాదు). క్లారెన్స్ థామస్ 1991లో కూర్చున్నాడు, ఇంకా ఉన్నాడు. ఉన్నవే 9 సీట్లు, ఒక్క సీటంటే ముప్ఫై ఏళ్ళ లెక్క, మరి కొట్టుకోరా ఏంటి.

టైమింగ్ ఒకటి గుర్తుపెట్టుకోండి. వాళ్ళ ఎండాకాలంలో మనం వాషింగ్టన్ కంటే తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం, చలికాలంలో పదిన్నర. పొద్దున్న తొమ్మిదింటికి హియరింగ్ (సెనేట్ కమిటీ నామినీని కూర్చోబెట్టి ప్రశ్నలడిగే కార్యక్రమం) అంటే మనకి సాయంత్రం ఆరున్నరో ఏడున్నరో, బీచ్ రోడ్డులో వాకింగ్ చేసుకుంటూ ఇయర్‌ఫోన్స్‌లో వినొచ్చు. సీ-స్పాన్ అనే అమెరికా ఛానల్లో లైవ్ వస్తది, మధ్యలో యాంకర్ల అరుపులు ఉండవు.

ఇప్పుడు అసలు విషయం. నామినీ పేరు రాగానే ఆ మనిషి బయోడేటా చదవడం కాదండి, ఎవరు అరుస్తున్నారో చూడండి. అవతలి పార్టీ అరిస్తే అది రోజూ ఉండే గోలే. సొంత పార్టీ వాళ్ళు అరుస్తుంటే మాత్రం కూర్చుని చూడాలి, నామినీలు పడిపోయేది అక్కడే. దీనికి టెక్స్ట్‌బుక్ కేసు 2005లో హ్యారియట్ మయర్స్.

అక్టోబర్ 3న రిపబ్లికన్ ప్రెసిడెంటు జార్జ్ బుష్ ఈవిడ పేరు చెప్పాడు, రిటైరవుతున్న జడ్జి సాండ్రా డే ఓకానర్ సీటుకి. మయర్స్ అంటే వైట్‌హౌస్ కౌన్సెల్ (ప్రెసిడెంటు ఆఫీసుకి లాయర్), అంతకుముందు టెక్సస్‌లో బుష్ సొంత లాయర్, టెక్సస్ స్టేట్ బార్‌కి (అక్కడి లాయర్ల సంఘానికి) మొదటి మహిళా ప్రెసిడెంట్ కూడా, అంటే తీసిపారేసే మనిషేం కాదు. కానీ ఎప్పుడూ జడ్జిగా చేయలేదు, రాజ్యాంగం మీద ఆవిడ రాసింది పెద్దగా ఏమీ లేదు. అప్పుడు సెనేట్‌లో రిపబ్లికన్లు 55 మంది, డెమొక్రాట్ల లీడర్ హ్యారీ రీడ్ అయితే ఆవిణ్ణి మెచ్చుకున్నాడు కూడా, పేపర్ మీద చూస్తే సాఫీగా అయిపోవాల్సిన పని. కానీ మొదటి రోజు నుంచే కన్జర్వేటివ్‌లు (రిపబ్లికన్ల వైపు ఉండే సంప్రదాయవాదులు) మీద పడ్డారు, పేపర్లలో రాసే బిల్ క్రిస్టల్, జార్జ్ విల్, చార్లెస్ క్రౌథామర్, బుష్‌కి ఒకప్పుడు స్పీచ్‌లు రాసిన డేవిడ్ ఫ్రమ్, అందరూ ఆ సైడు వాళ్ళే. 1987లో ఇదే కోర్టుకి నామినీగా వస్తే సెనేట్ 58-42తో ఓడించిన రాబర్ట్ బోర్క్, కన్జర్వేటివ్‌లకి ఆయన ఒక రకంగా అమరవీరుడి టైపు, ఆయన కూడా ఈ సెలక్షన్ మీద దుమ్మెత్తిపోశాడు.

ఎందుకంత కోపం అంటే వెనక ఒక పాత దెబ్బ ఉంది, అది తెలియకపోతే ఏమీ అర్థం కాదు. 1990లో ఈ బుష్ వాళ్ళ నాన్న డేవిడ్ సూటర్‌ని పెట్టాడు, మనోడే నమ్మండి అన్నారు, 90-9తో పాసయ్యాడు, తీరా చూస్తే ఏళ్ళ తరబడి లిబరల్ (డెమొక్రాట్ల వైపు మొగ్గే) జడ్జిలతో కలిసి తీర్పులిచ్చాడు. అప్పట్నుంచి ఇంకో సూటర్ వద్దు అనేది వాళ్ళకి మంత్రం అయిపోయింది. కొడుకొచ్చి మళ్ళీ ఆవిడ మనసు నాకు తెలుసు నమ్మండి అంటే ఎవరు నమ్ముతారండీ? రాతపూర్వకంగా ఏముంది చూపించు అన్నారు. చూపించడానికి దొరికినవేమో బుష్ గవర్నర్‌గా ఉన్నప్పుడు ఆవిడ పంపిన కార్డులు, మీ అంత గొప్ప గవర్నర్ లేడు అన్నట్టు ఉంటాయి, అవి బయటికొచ్చాక నవ్వులపాలైంది. సెనేట్ జ్యుడీషియరీ కమిటీ ఇచ్చిన ప్రశ్నల ఫారం ఆవిడ నింపి పంపిస్తే ఛైర్మన్ ఆర్లెన్ స్పెక్టర్ (రిపబ్లికనే), డెమొక్రాట్ పాట్రిక్ లేహీ ఇద్దరూ కలిసి ఇది చాలదమ్మా మళ్ళీ రాసి పంపు అన్నారు, డిగ్రీ పిల్లల అసైన్‌మెంట్‌లాగా. ఇంక 1993లో డాలస్‌లో ఆవిడ ఇచ్చిన ఒక స్పీచ్ అక్టోబర్ 26న పేపర్లో వచ్చింది, అబార్షన్ మీద కొంచెం లిబరల్ వాసన కొట్టింది, 27న విత్‌డ్రా. హియరింగ్ దాకా కూడా పోలేదు. 31న శామ్యూల్ అలీటో పేరు వచ్చింది, ఏళ్ళ తరబడి అప్పీల్ కోర్టు జడ్జి, రాసిన తీర్పులు బోలెడు, ఆ అరిచిన వాళ్ళంతా చప్పట్లు కొట్టారు, 2006 జనవరిలో 58-42తో పాస్.

దీన్నుంచి వాళ్ళు నేర్చుకున్నది 2016లో కనపడింది, ట్రంప్ ఎన్నికలకి ముందే నేను వీళ్ళలోంచే పెడతా అని పేర్ల లిస్టే ఇచ్చేశాడు. కాబట్టి ఎప్పుడైనా రిపబ్లికన్ ప్రెసిడెంటు లిస్టులో లేని మనిషిని, తన దగ్గర పనిచేసిన మనిషిని పెట్టాడు అంటే సొంత సైడు నుంచే మంట మొదలవుతుందని ముందే అనుకోండి.

బయటికి చెప్పే కారణం, లోపలి కారణం వేరువేరుగా ఉంటాయి, ఇది మాత్రం మన రాజకీయాలు చూసేవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. మయర్స్ లెటర్లో రాసింది సెనేటర్లు వైట్‌హౌస్ లోపలి కాగితాలు అడుగుతున్నారు, అవి ఇవ్వడం కుదరదు అని. గౌరవంగా తప్పుకునే ఆ దారి క్రౌథామర్ కొన్ని రోజుల ముందే తన కాలమ్‌లో రాసి పెట్టాడు! అలాగే 2016లో జడ్జి స్కాలియా చనిపోతే ఒబామా పెట్టిన మెరిక్ గార్లండ్‌కి ఎన్నికల ఏడాది, ప్రజలు తేల్చాలి అని సెనేట్‌లో రిపబ్లికన్ల లీడర్ మిచ్ మెకానెల్ హియరింగే ఇవ్వలేదు, అదే మెకానెల్ 2020లో ఎన్నికలకి 8 రోజుల ముందు ట్రంప్ నామినీ ఏమీ కోనీ బారెట్‌ని 52-48తో కూర్చోబెట్టాడు. కారణం అడక్కండి, లెక్క అడగండి.

ఆ లెక్క సంగతి. ఒకప్పుడు స్కాలియా 98-0, గిన్స్‌బర్గ్ 96-3. ఇప్పుడు ఆ రోజులు లేవు, డెమొక్రాట్ ప్రెసిడెంట్ల నామినీలకి కన్జర్వేటివ్‌ల వ్యతిరేకత ఎలా పెరిగిందో చూడండి, సోటోమయోర్ 2009లో 68-31, కేగన్ 2010లో 63-37, కెటాంజీ బ్రౌన్ జాక్సన్ 2022లో 53-47. జాక్సన్‌కి కమిటీలో 11-11 టై, చివరికి కాలిన్స్, మర్కౌస్కీ, రోమ్నీ ముగ్గురే రిపబ్లికన్లు ఓటేశారు. హియరింగ్‌లో ఆవిణ్ణి ఎంత కెలికినా ఫలితం మారలేదు, ఎందుకంటే 2017లో గోర్సచ్ టైమ్‌లో రూల్ మార్చేశారు, అంతకుముందు ఫిలిబస్టర్ (మాటలు సాగదీసి ఓటింగ్ అడ్డుకోవడం) ఆపాలంటే 60 ఓట్లు కావాలి, ఇప్పుడు మామూలు మెజారిటీ చాలు. అంటే సెనేట్, ప్రెసిడెంటు ఒకే పార్టీ అయితే అవతలి వాళ్ళ అరుపులన్నీ టీవీ కోసమే, వచ్చే ఎన్నికల కోసమే. ఆ క్లిప్పులు ఫార్వర్డ్ చేసి పిల్లల్ని కంగారుపెట్టకండి.

సబ్బవరంలో లా చదివే పిల్లలకి ఒక్క మాట, హియరింగ్ కంటే ఆ కమిటీ ప్రశ్నల ఫారం చదవండి, నెట్‌లో ఉంటది, నామినీ వాదించిన కేసులూ రాసినవీ అన్నీ అందులోనే ఉంటాయి, హియరింగ్‌లో అయితే ముందు ముందు కోర్టుకి వచ్చే కేసు మీద మాట్లాడను అని తప్పించుకోవడమే ఎక్కువ.

ఓటింగ్ రాత్రి మేలుకోవాలా వద్దా అంటారా, ఊగిసలాడే సెనేటర్లు ముందు రోజే చెప్పేస్తారు. 2018లో ట్రంప్ నామినీ కావనా విషయంలో సూసన్ కాలిన్స్ శుక్రవారమే సెనేట్‌లో నిలబడి ఔనని చెప్పేసింది, ఆ వెంటనే డెమొక్రాట్ జో మాంచిన్ కూడా. మనకి అప్పుడు శుక్రవారం అర్ధరాత్రి దాటింది, చూడాల్సింది అదే. మర్నాడు రాత్రి ఒంటిగంట దాటాక వచ్చిన 50-48 స్కోరు పొద్దున్న కాఫీ తాగుతూ చూసుకున్నా సరిపోయేది.